గంట దాటిన చుట్టం కారు

మా ఆయనకు బోర్డులంటే పిచ్చి. నీటిపారుదల శాఖలో రిటైరయ్యాక ఆర్డర్లు వేయడానికి మనుషులు దొరక్క మా అపార్ట్‌మెంట్ సంఘానికి ప్రెసిడెంటయ్యాడు. ఆ వారంలోనే లిఫ్టులో ఒక బోర్డు, నీళ్ల మోటారు దగ్గర ఒక బోర్డు, మెట్ల మీద చెప్పులు విడవరాదని ఇంకో బోర్డు వెలిశాయి. మా వంటింట్లో కూడా ఒకటి పెడతాడేమోనని నేను అట్లకాడ చేతిలో పట్టుకునే తిరిగాను.

మేముండేది మహబూబ్‌నగర్‌లో. మేం ఫ్లాటు కొన్నప్పుడు చుట్టూ కందిచేలు, ఒక ఇటుకబట్టీ ఉండేవి. తెలంగాణ వచ్చాక ఊరు మా మీదికే నడిచి వచ్చింది. పక్కనే పెద్ద ప్రైవేటు దవాఖాన లేచింది. దానికి కార్లు పెట్టుకునే జాగా లేదు. కార్లు ఉండాల్సిన సెల్లార్‌లో మందుల దుకాణం, క్యాంటీను పెట్టుకున్నారు. ఇంకేముంది, రోగిని చూడటానికి వచ్చిన ప్రతివాడూ కారు తెచ్చి మా గేటు లోపల, విజిటర్ల కోసం వదిలిన జాగాలో పెట్టేవాడు. వాచ్‌మన్ అడిగితే అందరిదీ ఒకటే జవాబు.

"మా చెల్లె ఇల్లు గీడనేనయ్యా."

"ఏ ఫ్లాటు సార్?"

"నంబరు ఎవనికి ఎర్క? చెల్లె ఇంటికి వస్తే నంబరు జూసుకుంట వస్తరా?"

వాచ్‌మన్ గేటు బార్లా తీసేవాడు. నిజమే కదా, మన వైపు చెల్లెలింటికి నంబరు చూసుకుంటూ ఎవరొస్తారు? అలా మా అపార్ట్‌మెంట్ పాలమూరు జిల్లాలో సగం మందికి చెల్లెలిల్లయింది. ఒక పుణ్యాత్ముడు కారు పెట్టి, తాళం జేబులో వేసుకుని, ఆపరేషన్ అయిన మామగారితో పాటు వారం రోజులు దవాఖానలోనే ఉండిపోయాడు. రెండో అంతస్తు వాళ్ల పిల్లలు దాని బానెట్ మీద క్యారంబోర్డు ఆడుకున్నారు.

మా ఆయన మీటింగు పెట్టాడు. విజిటర్ల కారు గంటకు మించి ఉంటే క్రేన్ బండిని పిలిపించి తీసుకుపోవాలని ప్రతిపాదించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మూడో అంతస్తులో ఉండే వకీలమ్మ మాత్రం చెయ్యెత్తింది. కోర్టులో ఎలా మాట్లాడుతుందో తెలియదు గానీ, మా మీటింగుల్లో ఆమె నోరు విప్పితే సమోసాలు తినేవాళ్లు కూడా ఆగిపోతారు.

"సార్, రోడ్డు మీద అడ్డంగ పెట్టిన బండి అయితే పోలీసులు తీయిస్తరు. గది వాళ్ల అధికారం. మన గేటు లోపలున్న బండిని మనంతల మనం గొలుసేసి గుంజుకపోతే మాత్రం కేసు మన మీదికే వస్తది. ముందుగాల బోర్డు అందరికి కనవడెతట్టు పెట్టాలె. బండాయనకు ఖబర్ చెయ్యాలె. గప్పటికీ తియ్యకపోతే పోలీసులకు చెప్పాలె. నడుమల మనం చెయ్యి పెట్టద్దు."

"చట్టం గట్లనే ఉంటదమ్మా," అన్నాడు మా ఆయన నవ్వుతూ. "అందరియి గుంజుకపోతమా ఏంది? ఒక్కటి గుంజితే సాలు, ఊరందరికి భయం వడ్తది."

ఆ ఒక్కటి ఎవరిదవుతుందో అప్పుడెవరికి తెలుసు!

బోర్డు వచ్చింది. పసుపు మీద ఎర్ర అక్షరాలు. "విజిటర్ల వాహనములు గంటకు మించి నిలిపిన యెడల తొలగించబడును." దాన్ని గేటు వెనక గోడకు కట్టించాడు. గేటు తెరిస్తే రెక్క వెళ్లి సరిగ్గా దాని మీద పడుతుంది. అంటే కారు లోపలికి వచ్చేటప్పుడు బోర్డు కనపడదు. గేటు మూశాక, వచ్చే వాళ్లెవరూ లేనప్పుడు, వాచ్‌మన్ ఒక్కడే చదువుకోవాలి. పాపం, అతనికి కంఠతా వచ్చేసింది.

ఇక అసలు సంగతి. మాది నకిరేకల్ పక్కన సాలెల ఇల్లు. అన్న ఇప్పటికీ మగ్గం మీదే ఉన్నాడు. మా అమ్మ ఉన్నన్నాళ్లూ కొన్నేళ్లకోసారి నాకు ఒడి బియ్యం పోసేది. ఆడబిడ్డను పీట మీద కూర్చోబెట్టి, పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడకలు, ఖర్జూరాలు, పోకలు దోసిళ్లతో కొంగులో పోస్తారు మా దగ్గర. కొత్త చీర పెడతారు. పుట్టిల్లు ఇంకా నీదేనమ్మా అని చెప్పడం అది. ఒక్కో దోసిలి పోస్తూ అమ్మ "సల్లగుండు బిడ్డా" అనేది.

అమ్మ పోయింది. ఒడి బియ్యం పోయాల్సిన ఏడూ వచ్చింది. అన్న దగ్గర్నుంచి మాట లేదు. నేను అడగలేదు. అడిగి పోయించుకునేవా అవి? తల్లి ఉన్నంతవరకే పుట్టిల్లు అంటారు. నేను పైకి నవ్వుతూ తిరిగాను గానీ, కూర తరిగేటప్పుడు ఉల్లిగడ్డ లేకుండానే కళ్ల నీళ్లు వచ్చేవి. మా అన్న మంచివాడే. కానీ వట్టి అభిమానధనుడు. ఒకసారి ఎవరింట్లోనో మంచినీళ్లు ఆలస్యంగా ఇచ్చారని ఇప్పటికీ ఆ గడప తొక్కడు. అలాంటివాడు నా ఇంట్లో ఏ పొరపాటు పట్టుకుని మౌనంగా ఉన్నాడో అని తవ్వుకుని తవ్వుకుని చూశాను.

ఒక బుధవారం ఫోన్ మోగింది.

"చెల్లె, శుక్రారం వస్తున్నం. మీ వదిన, నేను. ఒడి బియ్యం వోస్తం. మగ్గం మీద నీ చీర దిగేదాంక ఆగిన, గందుకే ఆలిశమైంది. ఇంకో మాట, బస్సుల గాదు. కారు కొన్న!"

సెకండ్ హ్యాండు ఎర్ర కారు. మొదటి దూరప్రయాణం చెల్లెలింటికే అని పట్టుపట్టాడట. ఫోన్ పెట్టేసి నేను మా ఆయన ముందు గిరగిరా ఒక చుట్టు తిరిగాను. ఈ వయసులో మోకాళ్లు కలుక్కుమన్నాయి, అయినా తిరిగాను.

శుక్రవారం తెల్లారకముందే బయలుదేరారు. నల్లగొండ దాటి, కల్వకుర్తిలో చాయ్ తాగి, కారు బానెట్ తుడుచుకుని, దాన్ని నలుగురు చూసి మెచ్చుకునేదాకా నిలబడి, మా గేటు దగ్గరికి వచ్చేసరికి పదిన్నర. వాచ్‌మన్ అడిగాడు. మా అన్న ఏమంటాడు? "మా చెల్లె ఇల్లు గీడనే" అన్నాడు. వాచ్‌మన్ లోలోపల ఇంకొకడు దొరికాడనుకున్నాడు. లిఫ్టు దగ్గర కోర్టుకు బయలుదేరుతున్న వకీలమ్మ ఎదురై, వాళ్లను మా గుమ్మం దాకా తెచ్చి దిగబెట్టి పోయింది.

తలుపు తీసి వదినను కౌగిలించుకుని చూస్తే ఇద్దరివీ వట్టి చేతులు.

"మూటేది వదినా?"

"కార్ల ఉన్నది పిల్లా. శుక్రారం పదిన్నరకెళ్లి పన్నెండు దాంక రాహుకాలమాయె. ఒడి బియ్యం మూట రాహుకాలంల గడప దాటొద్దని మీ అమ్మ ఎన్నిసార్లు చెప్పలే? మీ అన్నకు కల్వకుర్తిల కారు తుడుసుడైతే గదా!"

మనుషులకు రాహుకాలం అడ్డం లేదు, మూటకుంది. నాకూ సబబుగానే తోచింది. అమ్మ ఉంటే అదే అనేది. చీర కూడా మూటతోనే రావాలి కదా, అదీ కారులోనే ఉంది. పన్నెండు దాటాక తెద్దువులే అని ఉప్మా, మిర్చి బజ్జీలు పెట్టాను. గంట నియమం నాకు గుర్తుకు రాలేదు. మా ఆయనకూ రాలేదు. సొంత బామ్మర్ది విజిటరని ఎవరికి తోస్తుంది?

మా ఆయన నాలుగో బజ్జీ మీద ఉండగా వాచ్‌మన్ ఫోన్ చేశాడు. ఎదురుగా అన్న కూర్చున్నాడు కదా, మా ఆయన గొంతు ఆఫీసు రోజుల్లోకి పోయింది.

"ఏంది? గంట దాటిందా? ఎవరిదైతేంది! రూలంటే రూలు. క్రేనాయనకు ఫోన్ గొట్టు, గుంజుకపొమ్మను. నన్ను మళ్ల అడుగుడు లేదు."

అటునుంచి వాచ్‌మన్ ఏదో చెప్పబోతుంటే ఠక్కున పెట్టేశాడు. అన్న మెచ్చుకోలుగా తలూపాడు.

"శెభాష్ బావా! మనిషన్నంక గట్ల మాట మీద నిలవడాలె. ఎవడో పాపం, అయిపాయె వాని పని!"

ఇద్దరూ పడీ పడీ నవ్వుకున్నారు. నేను ఇంకో వాయి బజ్జీలు వేశాను.

పన్నెండు దాటింది. అన్న తువ్వాల భుజాన వేసుకుని మూట తేవడానికి కిందికి పోయాడు. నేను పీట వేసి, పసుపు కుంకుమలు సర్ది, తల దువ్వుకుని కూర్చున్నాను. ఎంతకూ రాడు. వచ్చాక గుమ్మంలోనే నిలబడ్డాడు. చేతిలో నలిగిన నిమ్మకాయ ఒకటి, మిరపకాయలు గుచ్చిన దారం. కొత్త కారుకు దిష్టికి కట్టినవి.

"చెల్లె... కారు లేదు."

మా ఆయన చేతిలో నీళ్ల గ్లాసు అక్కడే ఆగింది. ఆ ముఖం చూడగానే నాకు అంతా అర్థమైంది. అన్నకు మాత్రం కాలేదు. దొంగలెత్తుకుపోయారనుకున్నాడు. వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చి, "గా ఎర్ర కారా సార్? క్రేనాయన తీస్కపోయిండు. మన చుట్టాలదని నాకేం ఎర్క? దినాం అందరు చెల్లె ఇల్లే అంటరు," అని ఏడుపు ముఖం పెట్టాడు. పోనీలే, ప్రెసిడెంటు గారే పొమ్మన్నారని మాత్రం చెప్పలేదు. కడుపులో పెట్టుకున్నాడు.

అన్న కుర్చీలో కూర్చుని నిమ్మకాయను అటూ ఇటూ తిప్పుతున్నాడు. వదిన నా చెవిలో చెప్పింది. "పిల్లా, ఒడి బియ్యం దీపాలు వెట్టే యాళ్ల లోపట పడాలె. ఇయ్యాల పడకపోతే తెచ్చిన బియ్యం మళ్ల పుట్టింటికి మర్లిపోవాల్సొస్తది, గట్ల పోవద్దు. మంచిగుండది." ఇన్నాళ్లు ఎదురుచూసిన బియ్యం ఎక్కడో ఒక క్రేను కొక్కేనికి వేలాడుతున్నాయి. మా ఆయన్ను వంటింట్లోకి లాగి నాలుగు దులిపాను. ఏమన్నానో రాయను, అచ్చుకు పనికిరాదు.

క్రేను అతనికి ఫోన్ చేస్తే ఎత్తడు. వాచ్‌మన్ కనుక్కుంటే, హైవే మీద గోతిలో పడ్డ లారీని తీయడానికి పోయాడట, అతని షెడ్డుకు తాళం. ఒంటిగంటయింది, రెండయింది. అన్నం వడ్డిస్తే అన్న కలిపి వదిలేశాడు. మూడు దాటాక వకీలమ్మ కోర్టు నుంచి వచ్చింది. సంగతి విని నల్లకోటు కూడా విప్పకుండా మా ఆయన వైపు చూసింది.

"నేనేం జెప్పిన సార్? పోలీసులకు చెప్పలే, బండాయనకు చెప్పలే, బోర్డేమో గేటు ఎన్క దాక్కునె. గీ అన్న ఇప్పుడు ఠాణాకు పోయి నా కారు ఎత్తుకపోయిండ్రని రాసిస్తే, ముందుగాల మీ పేరే రాస్తరు."

"మరిప్పుడేం జేద్దామమ్మా?"

"ఏముంది, నడువుండ్రి. నేను గూడ వస్త."

రెండు ఆటోలు మాట్లాడుకుని జడ్చర్ల దారిలో ఉన్న షెడ్డుకు పోయాం. క్రేను అతను అప్పుడే వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు. ఎర్ర కారు ఒక మూల బుద్ధిగా నిలబడి ఉంది. వదిన పరుగెత్తి డిక్కీ తీయించి చూసింది. మూట భద్రంగా ఉంది. నాకు ప్రాణం లేచొచ్చింది. వకీలమ్మ నల్లకోటును చూసి క్రేను అతను హడలిపోయాడు.

"నా తప్పేం లేదమ్మా! వాచ్‌మన్ ఫోన్ల చెప్పిండు. ప్రెసిడెంటు సాబే అన్నడట, ఎవరిదైతేంది గుంజుకపొమ్మని. నా చెవులతోటి ఇన్న!"

అన్న మెల్లగా మా ఆయన వైపు తిరిగాడు.

"గప్పుడు బజ్జీ తినుకుంట అన్నది... నా కారు సంగతా బావా?"

మా ఆయన తల దించుకున్నాడు. "తప్పైంది బావా. నీదని తెల్వదు. తెల్వకున్నా అనొద్దుండె," అన్నాడు. ముప్పై ఏళ్ల కాపురంలో ఆయన నోట తప్పైంది అన్న మాట అదే మొదటిసారి విన్నాను.

అన్న తాళంచెవి తీసుకున్నాడు. "మంచిది. ఇగ గా గేట్లకు నా బండి రాదు. నేను గూడ రాను."

పొద్దు వాలుతోంది. వదిన ఆకాశం వైపు, నా వైపు చూస్తోంది. అప్పుడు నాకు కోపం వచ్చింది. మా ఆయన మీద, అన్న మీద, రాహుకాలం మీద, చివరికి పోయిన మా అమ్మ మీద కూడా. ఇంత కోపం ఎక్కడ దాచుకున్నానో తెలియదు.

"రాకన్నా, రాకు! గేటు ఆయనది, బోర్డు ఆయనది. ఒడి మాత్రం నాది. నాకు గడపొద్దు, ఇల్లొద్దు. గీడనే కూసుంట. పోస్తవా, పొయ్యవా?"

అంటూనే క్రేను బండి ముందు, ఆయిలు మరకల నేల మీద చతికిలబడి కొంగు పట్టాను. కట్టుకున్నది పట్టుచీర అన్న ధ్యాసే లేదు. క్రేను అతని భార్య షెడ్డు పక్కనున్న వాళ్ల ఇంట్లోంచి చూస్తోంది కాబోలు, "అయ్యో, ఉత్త నేల మీద వద్దమ్మా!" అంటూ పీట తెచ్చి వేసింది. కుంకుమ భరిణ కూడా తెచ్చింది. వదిన నా ముఖానికి బొట్టు పెట్టి, అన్న నేసిన చీర నా భుజాన కప్పింది. పచ్చి పసుపు రంగుకు మెరూన్ అంచు. మా అమ్మకు ఇష్టమైన రంగులు.

అన్న కదల్లేదు. మూట విప్పి వదినే మొదటి దోసిలి పోసింది. రెండో దోసిలికి ఆగి, "పిల్ల ఒడి పట్టుకోని కూసున్నది, ఇంకెంతసేపు జూస్తవయ్యా?" అంది.

అన్న వచ్చి వంగాడు. మగ్గం లాగి లాగి గట్టిపడ్డ ఆ చేతులు మూటలోకి పోయాయి. దోసిట్లో బియ్యం తీసి నా కొంగులో పోస్తూ, "సల్లగుండు..." అన్నాడు. బిడ్డా అనలేదు, చెల్లె అనలేదు. నేను బోరుమన్నాను. వదిన ఏడ్చింది. మా ఆయన కూడా కళ్లు తుడుచుకున్నాడు. వకీలమ్మ కూడా ముక్కు చీదింది, కానీ జలుబని చెప్పింది.

ఒడి బియ్యం ఒడిలో ఉండగా కింద పెట్టకూడదు. అలాగే ఎర్ర కారులో ముందు సీట్లో కూర్చున్నాను. అన్న తన మాట ప్రకారం గేటు బయటే ఆపాడు. మా ఆయన ఆటో దిగి, చకచకా గేటు వెనక్కి పోయి, బోర్డు కట్టిన తీగలు విప్పి, దాన్ని తెచ్చి కారు డిక్కీలో పడేశాడు. తర్వాత రెండు రెక్కలూ తనే తెరిచి పక్కకు నిలబడ్డాడు. అన్న అద్దం దించాడు.

"గంటనే గద బావా టైము?"

"నీ పుణ్యముంటది, లోపటికి రా బావా."

ముందు నవ్వింది వాచ్‌మన్. తర్వాత అందరం.

వాళ్లు ఆదివారం దాకా ఉన్నారు. ఆ బియ్యం వండి అపార్ట్‌మెంట్ మొత్తానికి విజిటర్ల జాగాలోనే బంతి వేశాం. క్రేను అతని కుటుంబాన్నీ పిలిచాం. అతని క్రేను బండి పొద్దుటి నుంచి చీకటి పడేదాకా విజిటర్ల జాగాలోనే ఉంది, ఎవరూ గంట లెక్కపెట్టలేదు. వకీలమ్మ ఆ విస్తరి ముందే కూర్చుని కొత్త పద్ధతి చెప్పింది. వచ్చినవాళ్ల ఫోన్ నంబరు తీసుకోవాలి, చెల్లె ఎవరో కిందికి పిలిచి చూపించాలి, చెల్లె లేని కారైతే ముందు ఫోను, ఆ తర్వాత పోలీసులు. దవాఖాన సెల్లార్ మీద మునిసిపాలిటీకి ఫిర్యాదు కూడా ఆమే రాసింది. కొన్నాళ్లకు మందుల దుకాణం పైకి ఎక్కింది, కార్లు కిందికి దిగాయి. మా బాధ తీరింది.

ఆ ఎండాకాలం మేమిద్దరం నకిరేకల్ పోయాం. అన్న ఇంటి ముందు సందు ఇరుకు. ఎప్పుడు చూసినా పక్కింటి ట్రాక్టరు ట్రాలీ అడ్డంగా ఉండేది. ఈసారి ట్రాలీ లేదు. వాకిట్లో కారు పట్టేంత జాగా వదిలి, చుట్టూ ముగ్గుతో గీత గీసి ఉంది. ఎదురింటి ముసలాయన ఎండలో మోటారు సైకిలు తోసుకుంటూ నన్ను చూసి గొణిగాడు.

"ఇగో, వచ్చినవా తల్లీ? నీ అన్న పొద్దుగాలకెళ్లి గాడ ఒక్క బండి పెట్టనిస్తలేడు. గది మా చెల్లె జాగా, ఎంతసేపైనా ఉంటదని లొల్లి!"

అన్న లోపలి నుంచి వచ్చి మా వెనక వీధిలోకి తొంగి చూశాడు.

"బండేది చెల్లె?"

"మాకు బండెక్కడిదన్నా? బస్సుల వచ్చినం."

మా ఆయన ముగ్గు గీత చుట్టూ ఒకసారి తిరిగి, "బోర్డు పెట్టలేదేం బావా?" అన్నాడు. పుట్టుబుద్ధి ఎక్కడికి పోతుంది!

"చెల్లె జాగకు బోర్డెందుకు బావా?" అన్నాడు అన్న.

నేను చేతిలో సంచితోనే గీత దాటి, ఆ ఖాళీ జాగా నడుమకు వెళ్లి నిలబడ్డాను. వదిన నీళ్ల చెంబు పట్టుకుని లోపలికి రమ్మని పిలుస్తూనే ఉంది. కాసేపు అక్కడే ఉన్నాను.